కోటి షాపువాడి చీటీ, 45 వేల బడ్జెట్: ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌కి ముందు ఏం కొనాలి?

తమ్ముడి ప్రశ్న ఇదీ. బీటెక్ మూడో సంవత్సరం, కూకట్‌పల్లి హాస్టల్. ఇంటర్న్‌షిప్ డబ్బులు 45 వేలు దాచుకున్నాడు. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ ఉంది. డీజే ఫోక్ మిక్సులు, ఎలక్ట్రానిక్ ట్రాకులు సొంతంగా చేయాలని ఆశ. కోటిలో ఒక షాపుకి వెళ్లి అడిగితే 61 కీల మిడి కీబోర్డు, సౌండ్ కార్డు, కండెన్సర్ మైకు, 5 అంగుళాల మానిటర్ స్పీకర్ల జత, 8 చానళ్ల మిక్సర్ అని చీటీ రాసిచ్చారు. లెక్క 80 వేలు దాటింది. "అన్నా, ఇందులో ఏది ఏం పని చేస్తుందో కూడా నాకు తెలియదు. ముందు ఏది కొనాలి? ఈఎంఐ పెట్టి అన్నీ తీసుకోనా?" అని అడిగాడు.

ఈఎంఐ వద్దు. ముందు మంచి వైరు హెడ్‌ఫోన్ ఒకటి, ఆ తరువాత 25 కీల చిన్న మిడి కీబోర్డు ఒకటి కొను. రెండూ కలిపి 15 నుంచి 20 వేలలో అయిపోతాయి. మిగతా డబ్బు బ్యాంకులోనే ఉండనీ. చీటీలో మిగిలిన నాలుగు వస్తువుల్లో సౌండ్ కార్డు ఆర్నెల్ల తరువాత అవసరం పడొచ్చు. మైకు పాట పాడేవాళ్లు దొరికాక. మానిటర్లు హాస్టల్ ఖాళీ చేశాక. మిక్సర్ అయితే నీ పనికి ఎప్పటికీ అక్కర్లేకపోవచ్చు.

ఇంతే నా సమాధానం. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది. ఓపిక ఉంటే చదువు.

నేను 2008లో ఖమ్మం నుంచి వచ్చి కృష్ణానగర్‌లో రూము తీసుకున్నాను. అప్పటి నుంచి కీబోర్డ్ ప్రోగ్రామింగే పని. యాడ్లు, సీరియళ్ల బ్యాక్‌గ్రౌండు, కొన్ని సినిమాల్లో ట్రాకులు, సీజన్లో బోనాల పాటలు. కొనకూడనివి కొనడంలో నాకు మంచి అనుభవం ఉంది.

రెండేళ్ల కిందట తెలిసినవాళ్ల అబ్బాయి ఒకడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. కొత్త కీబోర్డు కొన్నాడట, యూఎస్‌బీ పెడితే లైటు వెలుగుతోందట, కీలు ఎంత నొక్కినా సౌండు రావట్లేదట. "మోసం చేశాడు అన్నా, పాడైన పీసు అంటగట్టాడు" అని ఏడుపు గొంతు. పీసు బాగానే ఉంది. మిడి కీబోర్డులో సౌండు ఉండదు, అంతే. ఆ మాట అతనికి షాపులో ఎవరూ చెప్పలేదు.

ఇరానీ హోటల్లో సర్వరు "దో చాయ్, ఏక్ ఉస్మానియా" అని లోపలికి కేక వేస్తాడు చూడు. ఆ కేకలో టీ లేదు, బిస్కెట్టూ లేదు. లోపల ఉన్నవాడు విని చేస్తేనే టీ వస్తుంది. మిడి ఆ కేక. నువ్వు కీ నొక్కితే కీబోర్డు నుంచి వెళ్లేది మూడు ముక్కల సమాచారం: ఏ చానల్లో నొక్కావు, ఏ నోటు (అంటే ఏ స్వరం), ఎంత గట్టిగా. నోట్లకు 0 నుంచి 127 దాకా నంబర్లు. గట్టిదనానికీ అంతే, దాన్నే వెలాసిటీ అంటారు. మధ్య 'సి' నోటు నంబరు 60. (యూట్యూబ్ పాఠాలు చూస్తే ఇక్కడ తికమక పడతావు. అదే 60ని ఏబుల్టన్ అనే సాఫ్ట్‌వేర్ సి3 అంటుంది, ఎఫ్‌ఎల్ స్టూడియో అనే ఇంకో సాఫ్ట్‌వేర్ సి5 అంటుంది. నోటు ఒక్కటే, పేరే వేరు.) వేరువేరు కంపెనీల సింథసైజర్లు (కరెంటుతో సౌండు పుట్టించే వాయిద్యాలు, ముద్దుగా సింథులు) ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని 1983లో ఈ పద్ధతి తెచ్చారు. నలభై ఏళ్లు దాటినా అదే నడుస్తోంది. అప్పటి కీబోర్డును ఒక అడాప్టరుతో ఇప్పటి ల్యాప్‌టాప్‌కు కలిపినా పనిచేస్తుంది.

టీ చేసేవాడు నీ ల్యాప్‌టాప్‌లో ఉంటాడు. అంటే సాఫ్ట్‌వేర్. అందుకే సౌండు బాగుండాలని ఖరీదైన మిడి కీబోర్డు కొనడంలో అర్థం లేదు. సర్వరు గొంతు బాగుంటే టీ రుచి పెరగదు కదా.

మరి 61 కీలు ఎందుకు వద్దంటున్నాను? నువ్వు పియానో నేర్చుకున్నవాడివి కాదు, రెండు చేతులతో వాయించవు. డ్రమ్ము బీటు కొట్టడానికి, బేస్ లైను ఎక్కించడానికి రెండు ఆక్టేవులు (ఆక్టేవంటే 'స' నుంచి పై 'స' దాకా) చాలు, మీటలతో పైకీ కిందికీ జరుపుకోవచ్చు. పైగా 61 కీలది మీటరు దాకా పొడుగుంటుంది. హాస్టల్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టాక దానికి చోటెక్కడిది? మంచం కిందికి వెళ్తుంది. మంచం కింద ఉన్న వస్తువు వారానికోసారి కూడా బయటికి రాదు, నాది రాలేదు. అకాయ్, ఆర్టూరియా, ఎం-ఆడియో, నోవేషన్ లాంటి కంపెనీలన్నీ 25 కీల మోడళ్లు చేస్తున్నాయి. ఎనిమిది ప్యాడ్లు ఉన్నది చూసుకో. బీటు వేళ్లతో కొట్టడానికి కీల కంటే ప్యాడ్లే హాయి.

ఇంకొకటి మనవాళ్లకి ముఖ్యం. స్వరాన్ని జార్చే పిచ్ బెండ్ ఉందో లేదో చూడు. చక్రం కావచ్చు, వేలితో జరిపే పట్టీ కావచ్చు, చిన్న జాయ్‌స్టిక్ కావచ్చు. కీబోర్డులో ఆక్టేవుకు 12 మెట్లే. మన పాటలో స్వరం మెట్టు మీద నిలబడదు, జారుతుంది, ఊగుతుంది. జానపదంలో కూడా గొంతు విరుపు లేకపోతే పాట చప్పగా ఉంటుంది. ఆ జారుడు రావాలంటే పిచ్ బెండే దిక్కు. మిడిలో దానికి 16,384 మెట్లు ఉంటాయి కాబట్టి నున్నగా జారుతుంది. చాలా సింథుల్లో అది మొదట రెండు సెమీటోన్లకే, అంటే కీబోర్డు మీద రెండు మెట్లకే, సెట్ చేసి ఉంటుంది, కావాలంటే పెంచుకోవచ్చు. ఎడమ చేతి బొటనవేలితో చక్రం, కుడి చేత్తో స్వరం. నెల రోజులు చేతులు తిట్టుకుంటాయి, తరువాత అలవాటవుతుంది.

ఇక సాఫ్ట్‌వేర్. ఇందులో పెద్ద గొడవలు జరుగుతుంటాయి కానీ నేను తొందరగా తేల్చేస్తాను. ట్రాకులు పేర్చి పాట కట్టే సాఫ్ట్‌వేర్‌ను డా అంటారు. బీట్లు, లూపులు ఎక్కువగా చేసేవాడికి ఎఫ్‌ఎల్ స్టూడియో తొందరగా చేతికి వస్తుంది. ఒకసారి కొంటే తరువాతి వెర్షన్లు ఉచితం. ట్రయల్లో ఒక మెలిక ఉంది: ప్రాజెక్టు సేవ్ అవుతుంది కానీ కొనేదాకా మళ్లీ తెరుచుకోదు. కాబట్టి ట్రయల్లో ఏం చేసినా ఆ పూటే ముగించి ఆడియోగా ఎగుమతి చేసుకో. రీపర్ అయితే 60 రోజులు అన్ని సౌకర్యాలతో వాడుకోవచ్చు, వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు, 8 జీబీ ల్యాప్‌టాప్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. చాలా మిడి కీబోర్డులతో ఏబుల్టన్ లైవ్ చిన్న వెర్షన్ ఉచితంగా వస్తుంది, నేర్చుకోవడానికి అదీ సరిపోతుంది. లాజిక్ ఆపిల్ వాళ్ల మ్యాక్, ఐప్యాడ్‌లలోనే నడుస్తుంది, నీకు దాని ఊసే వద్దు. ఏదో ఒకటి పట్టుకుని ఆర్నెల్లు వదలకు.

క్రాక్ సాఫ్ట్‌వేర్ గురించి నీతులు చెప్పను. నేను మొదలుపెట్టిన రోజుల్లో హార్డ్ డిస్కు చేతులు మారితే అందులో వందల ప్లగిన్లు (డాకు తగిలించుకునే అదనపు సాఫ్ట్‌వేర్లు) ఉండేవి. ఏది ఎవరు ఎక్కించారో ఎవరికీ తెలియదు. ఒక సీరియల్ టైటిల్ ట్రాకు నా రూములో అంతా తయారు చేసుకుని రికార్డింగ్ థియేటర్‌కి వెళ్లాను. అక్కడి సిస్టమ్‌లో నా క్రాక్ ప్లగిన్లు ఒక్కటీ లేవు, ప్రాజెక్టు తెరిస్తే సగం ట్రాకులు మూగ. గాయని వచ్చి కూర్చుంది. గంటకింత అని మీటరు తిరుగుతోంది. ఆ రోజు కారిన చెమట చాలు. ఉచితంగానే దొరికే మంచి సింథులు ఇప్పుడు ఉన్నాయి: వైటల్, సర్జ్ ఎక్స్‌టీ, పాత యమహా డీఎక్స్7 సింథ్ గొంతు కావాలంటే డెక్స్‌డ్. ఇవి మూడూ ఉంటే ఏడాది దాకా ప్లగిన్ల మాట ఎత్తక్కర్లేదు.

సింథ్ తెరవగానే విమానం కాక్‌పిట్‌లా కనిపిస్తుంది. భయపడకు. ఎంత పెద్ద సింథయినా లోపల పని నాలుగైదు చోట్లే. ఆసిలేటర్ సౌండు పుట్టిస్తుంది. ఫిల్టర్ అందులో కొంత కోసేస్తుంది. ఎన్వలప్ సౌండు ఎలా మొదలై ఎలా ఆరిపోవాలో చెబుతుంది. ఎల్‌ఎఫ్‌ఓ అన్నది సౌండును నెమ్మదిగా ఊపుతూ ఉంటుంది. ఎన్వలప్ అర్థం కావాలంటే డప్పునీ సన్నాయినీ తలుచుకో. డప్పు దెబ్బ పడ్డ క్షణమే పూర్తి సౌండు, మరుక్షణం పోతుంది. సన్నాయి ఊపిరితో పెరుగుతుంది, ఊదినంతసేపు నిలుస్తుంది, ఆపాక తగ్గుతుంది. ఒకే ఆసిలేటర్‌కు ఈ రెండు ఎన్వలప్‌లు పెట్టి చూడు. రెండు వేరే వాయిద్యాలు అంటావు.

చదివితే రాదు కాబట్టి ఒక కిక్, అంటే పాటలో ధుమ్మని పడే పెద్ద డ్రమ్ము దెబ్బ, చేసి చూపిస్తాను. వైటల్ తెరువు. మొదటి ఆసిలేటర్‌కు సైన్ వేవ్ (అన్నిటికంటే నున్నని తరంగం) పెట్టు, మిగతావి ఆపెయ్. నోటు నంబరు 31 వాయించు. అది 49 హెర్ట్‌జ్, అంటే సెకనుకు 49 ఊపులు. హెడ్‌ఫోన్లో మెత్తగా "ఊఊ" అని వినిపిస్తుంది. ఇప్పుడు ఎన్వలప్ 1లో సస్టైన్ (కీ నొక్కి ఉంచినంతసేపు నిలిచే మోత) సున్నా చేసి, డికే (ఆరిపోవడానికి పట్టే సమయం) అర సెకను దగ్గర పెట్టు. "ఊమ్" అని ఆరిపోతుంది. ఇంకా కిక్ కాలేదు, దెబ్బ లేదు. ఎన్వలప్ 2ను పట్టుకుని ఆసిలేటర్ పిచ్ మీదికి లాగి, 24 సెమీటోన్లు ఇవ్వు. దాని సస్టైన్ కూడా సున్నా, డికే 50 మిల్లీసెకన్లు. ఇప్పుడు నోటు 196 హెర్ట్‌జ్ దగ్గర మొదలై రెప్పపాటులో 49కి పడిపోతుంది. "ధుమ్!" ఆ పడిపోవడమే మన చెవికి కర్ర దెబ్బలా తగులుతుంది. డికేను 20కి తగ్గిస్తే 'టక్' అంటుంది, 120కి పెంచితే కార్టూన్లో ఎవరో జారిపడినట్టు 'డ్యూం' అంటుంది. ఈ మూడింటి తేడా ఒకసారి చెవికి తెలిస్తే, ఆ తరువాత ఏ పాటలో కిక్ విన్నా అది ఎలా తయారైందో ఊహించగలవు.

ఇది కొత్త విద్యేం కాదు. రోలాండ్ కంపెనీ 1980లో టీఆర్-808 అనే డ్రమ్ మిషన్ తెచ్చింది. అందులో నిజం డ్రమ్ముల రికార్డింగులు ఉండవు, అన్నీ ఇలాగే సర్క్యూట్లతో పుట్టించిన సౌండ్లు. నిజం డ్రమ్ములా లేదని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. 1983లో తయారీ ఆగిపోయింది, సుమారు 12 వేలు మాత్రమే చేశారు. ఆ తరువాతే దాని విలువ తెలిసింది. ఇవాళ్టికీ లోతైన బేస్ కిక్‌ను "808" అనే పిలుస్తాం. బొంబాయి సినిమా పాటలకు వాయించే చరణ్‌జీత్ సింగ్ 1982లోనే ఆ 808, టీబీ-303 బేస్ మిషన్, జూపిటర్-8 సింథ్ పెట్టుకుని పది రాగాలను డిస్కో బీటు మీద వాయించి రికార్డు వేశాడు. అది అప్పుడు అమ్ముడుపోలేదు. దాదాపు ముప్పై ఏళ్ల తరువాత ప్రపంచం మొత్తం వెనక్కి తిరిగి చూసింది.

నువ్వు పైన చేసిన కిక్ ల్యాప్‌టాప్ స్పీకర్లో వింటే దాదాపు ఏమీ వినిపించదు. టిక్కుమన్న శబ్దం మాత్రం వస్తుంది. ఆ చిన్న స్పీకర్లకు 49 హెర్ట్‌జ్ పలికే శక్తి లేదు. అందుకే మొదటి డబ్బు వినడానికి పెట్టమంటున్నాను. వినిపించనిదాన్ని నువ్వు సరిచేయలేవు.

హెడ్‌ఫోన్ ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. చెవి మొత్తం కప్పేది, వైరు ఉన్నది, స్టూడియో పని కోసం చేసినది. ఆడియో టెక్నికా ఎం20ఎక్స్ మొదలుకుని ఎం40ఎక్స్ దాకా, సోనీ ఎండీఆర్-7506, ఇలా ఏదైనా సరే. ఓమ్స్ సంఖ్య చూడు, అది పెరిగేకొద్దీ హెడ్‌ఫోన్‌ను మోగించడానికి ఎక్కువ బలం కావాలి. బేయర్‌డైనమిక్ డీటీ 770 లాంటివి 32, 80, 250 ఓమ్స్ అని మూడు రకాలుగా వస్తాయి. 250ది చవగ్గా దొరికిందని తెచ్చుకుంటే ల్యాప్‌టాప్ జాక్‌తో వాల్యూమ్ సరిపోదు. బేస్ దద్దరిల్లిపోతుందని పెట్టె మీద రాసి అమ్మేవి వద్దు. అవి వినడానికి బాగుంటాయి, పనికి కాదు. అందులో బేస్ ఎక్కువ వినపడుతుంది కాబట్టి నువ్వు తగ్గిస్తావు, నీ పాట బయట పీలగా వినిపిస్తుంది.

బ్లూటూత్ అస్సలు వద్దు. గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. అంటే 3 మిల్లీసెకన్ల ఆలస్యమంటే వాయిద్యం నీకు మీటరు దూరంలో ఉన్నట్టు. బ్లూటూత్ ఆలస్యం మామూలుగా 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. నువ్వు ఇక్కడ ప్యాడ్ కొడితే సౌండు వీధి చివర బరాత్‌లోంచి వచ్చినట్టు ఉంటుంది. అలా తాళం ఎవరూ పట్టలేరు.

మానిటర్ స్పీకర్ల మీద, అంటే పాటను సరిచూసుకోవడానికి స్టూడియోలో వాడే స్పీకర్ల మీద, నాకు వ్యతిరేకత లేదు. ఇప్పుడు నేను రోజూ వాటి మీదే పనిచేస్తాను. కానీ స్పీకరు ఒక్కటే సౌండు ఇవ్వదు, గది కూడా ఇస్తుంది. కృష్ణానగర్‌లో నాది పదడుగులకు పదడుగుల రూము. అప్పు చేసి మానిటర్లు కొన్నాను. గోడకు మంచం ఉండేది కాబట్టి కుర్చీ వేసుకుని సరిగ్గా గది మధ్యలో కూర్చునేవాణ్ణి. ఆ ఏడు వినాయక చవితికి ఒక మండపం వాళ్ల పాట చేశాను. ఎంత పెంచినా కిక్ పలచగానే వినిపిస్తోంది. పెంచాను, ఇంకా పెంచాను. బాగుందనిపించాక ఇచ్చాను. నిమజ్జనం రోజు లారీ మీద డీజే బాక్సుల్లో పాట పెట్టారు. కిక్ తప్ప ఇంకేం లేదు. గాయకుడి గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. ఆపరేటరు రెండు నిమిషాలకే పాట మార్చేశాడు. నేను జనంలోనే ఉన్నాను, ఎవరికీ చెప్పలేదు ఆ పాట నాదని.

కారణం చాలా రోజుల తరువాత తెలిసింది. పదడుగులంటే మూడు మీటర్ల చిల్లర. రెండు గోడల మధ్య ఆ దూరంలో 56 హెర్ట్‌జ్ దగ్గర శబ్దం అటూ ఇటూ కొట్టుకుని నిలిచిపోతుంది. గోడల దగ్గర అది బాగా ఎక్కువగా, గది నట్టనడుమ దాదాపు లేనట్టుగా ఉంటుంది. పొడుగూ వెడల్పూ సమానమైతే రెండు వైపుల నుంచీ అదే దెబ్బ. కిక్ ఉండేదే 50, 60 హెర్ట్‌జ్ దగ్గర. నేను కూర్చున్న చోట అది వినిపించదు, అందుకే పెంచుకుంటూ పోయాను. మంచం మీదికెక్కి గోడకు ఆనుకుని ఒక్కసారి విని ఉంటే ఆ రోజే తెలిసేది. గుడ్ల ట్రేలు అంటించినా, నురుగు పలకలు అతికించినా ఈ లోతు శబ్దానికి ఏమీ కాదు, ఎందుకంటే ఈ తరంగం పొడుగు ఆరు మీటర్లు. మూలల్లో అడుగు మందం రాక్‌వూల్ పెడితే కొంత లొంగుతుంది. హాస్టల్లో అవన్నీ కుదరవు, పైగా పక్క రూమువాడు రాత్రి తలుపు కొడతాడు. హెడ్‌ఫోన్‌కి గది గోల లేదు.

సౌండ్ కార్డు అని షాపులో అనేది ఆడియో ఇంటర్‌ఫేస్‌ను. దాని పని రెండు: బయటి సౌండును, అంటే మైకు, గిటారు లాంటివి, అంకెలుగా మార్చి ల్యాప్‌టాప్‌లోకి పంపడం. లోపలి అంకెలను మళ్లీ సౌండుగా మార్చి హెడ్‌ఫోన్‌కో స్పీకర్‌కో ఇవ్వడం. సెకనుకు 44,100 సార్లు, వీడియో పనికైతే 48,000 సార్లు ఈ కొలత జరుగుతుంది. మనిషి చెవి వినగలిగేది 20 వేల హెర్ట్‌జ్ దాకే, దానికి రెట్టింపు పైన కొలిస్తే చాలు కాబట్టి ఆ అంకె. ఎవరైనా 192 వేలు అని గొప్పలు చెబితే తల ఊపి వచ్చెయ్.

నీకు ఇప్పుడే ఎందుకు అక్కర్లేదంటే, నువ్వు బయటి నుంచి ఏమీ రికార్డు చేయట్లేదు. కీబోర్డు నేరుగా యూఎస్‌బీతో కలుస్తుంది. కాకపోతే విండోస్‌లో ఒక చిక్కు ఉంది. కీ నొక్కాక సౌండు కాస్త ఆలస్యంగా వస్తుంది, దాన్నే లేటెన్సీ అంటాం. ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసి, డా సెట్టింగుల్లో బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతలో ఎన్ని కొలతలు పోగుచేసి పంపాలో చెప్పే అంకె) 256 పెట్టి చూడు. 44,100 రేటు మీద 256 అంటే 6 మిల్లీసెకన్లలోపు, 1024 అంటే 23. బఫర్ తగ్గించేకొద్దీ ల్యాప్‌టాప్ మీద భారం పెరుగుతుంది, పటపటమని చిటికెల సౌండ్లు వస్తాయి. వాయించేటప్పుడు 256, అంతా వాయించేసి మిక్సింగ్‌కి కూర్చున్నాక 1024. ఇది తెలియక "నా ల్యాప్‌టాప్ పనికిరాదు" అని కొత్తది కొన్నవాళ్లు నాకు తెలుసు. ట్రాకులు ఎక్కువై సిస్టమ్ మొరాయిస్తే అయిపోయినవాటిని ఫ్రీజ్ చెయ్ (భారం తగ్గేలా తాత్కాలికంగా ఆపి ఉంచే మీట), లేదా ఆడియోగా మార్చెయ్. అప్పటికీ చాలకపోతే బ్యాంకులో ఉంచమన్న డబ్బులోంచి ర్యామ్ 16 జీబీ చేయించు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ల్యాప్‌టాప్ తీసుకెళ్లి ముందు స్లాటు ఉందో లేదో అడుగు. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే ఎస్‌ఎస్‌డీకి మార్చడం ముందు పని.

మైకు విషయానికొస్తే, చీటీలో రాసిన కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోంచే అందే కరెంటు) కావాలి. అది సౌండ్ కార్డు నుంచే వెళ్తుంది. అంటే ఒకటి కొంటే రెండోది తప్పదు. కండెన్సర్ చెవి చాలా చురుకు: ఫ్యాను, కారిడార్లో చెప్పుల చప్పుడు, కింద వాటర్ ట్యాంకర్ మోటారు, అన్నీ పట్టేస్తుంది. హాస్టల్లో పాట రికార్డు చేయాల్సి వస్తే డైనమిక్ మైకు నయం, నోటికి దగ్గర పెట్టి పాడితే చుట్టుపక్కల గోల తక్కువ వస్తుంది. నేను ఇప్పటికీ జానపద గాయకులను షూర్ ఎస్‌ఎం58 అనే డైనమిక్ మైకు మీదే తీసుకుంటాను. మైకుకు నాలుగంగుళాల దూరంలో నిలబడి పాడమంటే వాళ్లకు మొహమాటం, చేతికిస్తే గొంతు విప్పుతారు.

మిక్సర్: స్టేజీ మీద పదిమంది ఒకేసారి వాయిస్తుంటే కావాలి. నీ మిక్సింగ్ అంతా సాఫ్ట్‌వేర్లో జరుగుతుంది. నేనూ ఒకప్పుడు యూఎస్‌బీ ఉంది కదా అని మిక్సర్ కొన్నాను. ఎనిమిది మైకులు పెట్టినా ల్యాప్‌టాప్‌లోకి వెళ్లేది కలిసిపోయిన రెండు చానళ్లే అని ఇంటికొచ్చాక తెలిసింది. ఇప్పుడది మా అపార్ట్‌మెంట్ వాళ్లకు పండగల్లో పనికొస్తోంది. డీజే కంట్రోలర్ కూడా ఎవరైనా అంటగట్టబోతే గుర్తుంచుకో, అది తయారైన పాటలను కలిపి నడిపించే వస్తువు, పాట తయారుచేసేది కాదు.

ఫోక్ మిక్సులు చేస్తానన్నావు కాబట్టి ఒక మాట. డా తెరవగానే గ్రిడ్ (తాళాన్ని విడగొట్టే గీతలు) నాలుగేసి భాగాలుగా ఉంటుంది. తీన్మార్ దెబ్బ అందులో పెడితే కవాతులా వస్తుంది, కాళ్లు కదలవు. గ్రిడ్‌ను మూడేసి భాగాలకు, అంటే ట్రిప్లెట్‌కు మార్చి మొదలుపెట్టు. ప్యాడ్ల మీద కొట్టాక క్వాంటైజ్ మీట నొక్కగానే దెబ్బలన్నీ గీత మీదికి వచ్చి నిలబడతాయి. నూరు శాతం పెట్టకు, 60, 70 దగ్గర ఆపు. వెలాసిటీలన్నీ 127 ఉండకూడదు. గల్లీలో డప్పు కొట్టేవాళ్లను పది నిమిషాలు నిలబడి చూడు, ఏ దెబ్బ గట్టిగా, ఏది మెల్లగా, చిటికెన పుల్ల ఎప్పుడు పడుతుందో. అది చూసి వచ్చి వెలాసిటీలు మార్చు.

కరెంటు. దీని గురించి షాపులో ఎవరూ చెప్పరు. చార్జర్ పెట్టి పనిచేస్తుంటే హెడ్‌ఫోన్లో సన్నగా గుయ్‌మని వస్తే వస్తువుది తప్పు అనుకోకు. పాత బిల్డింగుల్లో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, వెనక ఎర్తింగ్ వైరు ఉండదు. యూసుఫ్‌గూడలో ఒక ఇంట్లో నేను మూడు నెలలు కేబుళ్లు మార్చాను, సౌండ్ కార్డు వాపసు ఇచ్చాను, అయినా హమ్ పోలేదు. చివరికి ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పితే ఎర్త్ పిన్ వెనక ఖాళీ. పరీక్ష తేలిక: చార్జర్ తీసెయ్, బ్యాటరీ మీద విను. గోల ఆగిపోతే కరెంటు సంగతి. రికార్డింగ్ బ్యాటరీ మీద చేసుకో, హాస్టల్ వాళ్లకు ఎర్తింగ్ చెక్ చేయించమని చెప్పు. మూడో పిన్ విరిచేసి వాడే చిట్కా ఎవరైనా చెబితే వినకు, షాక్ కొడుతుంది.

కొనడానికి కోటికే వెళ్లు, తప్పులేదు, సికింద్రాబాద్‌లోనూ మ్యూజిక్ షాపులు ఉన్నాయి. చీటీ మాత్రం నీది తీసుకెళ్లు. ఆన్‌లైన్ ధర ఫోన్లో చూసి అడిగితే చాలా చోట్ల దగ్గరకు వస్తారు. హెడ్‌ఫోన్ నీకు బాగా తెలిసిన పాట పెట్టి విను, అదీ పదిహేను నిమిషాలు తలకు పెట్టుకుని. చెవులు నొప్పెడితే ఎంత మంచిదైనా వదిలెయ్. కీబోర్డు సెకండ్ హ్యాండ్‌ది కొన్నా పర్వాలేదు. ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి ప్రతి కీనీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కు. డాలో వెలాసిటీ అంకె మారుతుండాలి. ఏదైనా కీ ఎలా నొక్కినా 127 చూపిస్తుంటే దాని కింద కాంటాక్టు పోయినట్టు. ప్యాడ్లు కూడా అంతే, ఒకటి కొడితే పక్కది మోగుతుందేమో చూడు. పిచ్ బెండ్ వదిలాక సరిగ్గా సున్నాకు రావాలి, రాకపోతే నీ పాటంతా శ్రుతి తప్పుతుంది. యూఎస్‌బీ సాకెట్‌ను కాస్త కదిలించు, కనెక్షన్ తెగుతుంటే వద్దను. సాఫ్ట్‌వేర్ కోడు పాత ఓనరు వాడేసి ఉంటాడు, ఆ మేరకు ధర తగ్గించమని అడుగు.